ఎడమచేతి బొటనవేలు

మా మనవరాలు చిట్టి ఆవేళ బడినుంచి వస్తూనే పుస్తకాల సంచీ వసారాలో పడేసి, నా పడకకుర్చీ చేతిమీద ఎక్కి కూర్చుని, ఎడమచేతి బొటనవేలు నా ముక్కుకి ఆనించినంత పని చేసింది.

"తాతయ్యా, దీంట్లో ఏముందో చెప్పుకో చూద్దాం."

"మట్టి వుంది. వెళ్ళి కడుక్కో" అన్నాను.

"కాదు, నా పేరుంది! మా మిస్ చెప్పింది. వచ్చే సోమవారం నుంచి మేం 'ప్రెజెంట్ మిస్' అనక్కర్లేదుట. గుమ్మం దగ్గిర ఒక పెట్టె పెడతారుట. దానిమీద వేలు పెడితే చాలుట, దానికి అందరి పేర్లూ తెలిసిపోతాయిట."

ఆ మాట చెప్పి సంచీలోంచి ఒక కాగితం తీసింది. ఇంగ్లీషులో చక్కగా అచ్చేసి వుంది. పిల్లల భద్రత కోసమూ, హాజరు సక్రమంగా వుండడం కోసమూ వేలిముద్రల యంత్రం పెడుతున్నారట. పిల్ల బడిలో అడుగు పెట్టగానే తల్లిదండ్రుల ఫోనుకి కబురు వస్తుందట. అందుకు ఒప్పుకుంటూ తండ్రిగాని తల్లిగాని అడుగున సంతకం చెయ్యాలట. చదివి నవ్వుకున్నాను. వేలిముద్ర తీసుకోడానికి వాళ్ళకి కావలసింది సంతకం!

అంతలో చిట్టికి ఏం తోచిందో, వేలు వెనక్కి తీసుకుని దానికేసి కాస్సేపు చూసుకుంది.

"తాతయ్యా, సంతకం రానివాళ్ళు గదా వేలిముద్ర వేసేది? తాతమ్మ కథలో నువ్వే చెప్పావు. మరి నాకు పేరు రాయడం వచ్చుగా?"

దానికి ఈ శ్రావణంలో ఎనిమిదేళ్ళు నిండాయి. తన పేరు తెలుగులోనూ రాస్తుంది, ఇంగ్లీషులోనూ రాస్తుంది. పుస్తకాల మీదా, గోడల మీదా, ఒకసారి మా ఆవిడ ఆరబెట్టిన వడియాల గుడ్డ మీదా కూడా రాసింది. అయినా ఆ ప్రశ్నకి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. దానికి కారణం వుంది.

నేను ముప్పైఆరేళ్ళు రిజిస్ట్రేషను శాఖలో గుమాస్తాగా పనిచేసి రిటైరయినవాణ్ణి. ఈ చేత్తో ఎన్ని వేల ఎడమచేతి బొటనవేళ్ళు పట్టుకున్నానో లెక్కలేదు. దస్తావేజు రాసిచ్చినవాడు మా రిజిస్టరులో ముద్ర వెయ్యవలసిందే. చదువుకున్నవాడు ముందు దర్జాగా సంతకం చేసి, ఆ తరవాత ఏదో లాంఛనంలాగా వేలు చాపేవాడు. చదువు రానివాళ్ళ వరస వేరు. వాళ్ళ పేరు దస్తావేజు లేఖరి రాసేవాడు. వాళ్ళకి మిగిలింది ఆ వేలొక్కటే. "బిగపట్టకు, వదులుగా వుంచు, నేనే తిప్పుతాను" అంటూ ఆ వేలిని సిరా మీద ఒక అంచునుంచి ఇంకో అంచుకి దొర్లించి, కాగితంమీద మళ్ళీ అలాగే దొర్లించేవాళ్ళం. పని అయ్యాక తుడుచుకోడానికి ఒక పాతగుడ్డ వుండేది. అది దొరకనివాళ్ళు గోడకి రాసేవారు. పాత రిజిస్ట్రారాఫీసుల వసారా గోడలు చూసినవారికి ఆ నల్లటి చారలు జ్ఞాపకం వుండే వుంటాయి.

ఇంకో సంగతి. సున్నం కలిపిన వేలూ, పొగాకు ఆకు గుచ్చిన వేలూ, జన్మంతా అంట్లు తోమిన వేలూ ఒక్కలాగే వుంటాయి, నున్నగా. గీతలుండవు. మూడుసార్లు వేయించినా కాగితంమీద నల్లటి మచ్చే పడేది. "పోనీలేవయ్యా, మనిషి ఎదురుగా వుంది, సాక్షులున్నారు" అని మా సబ్ రిజిస్ట్రారుగారు దాటేసేవారు. ముద్ర అరిగిపోయినా మనిషి అరిగిపోదని ఆయనకి తెలుసు.

ఇక తాతమ్మ కథ. తాతమ్మంటే మా అమ్మ. మా నాన్నగారు పోయిన యేడాదే చెల్లాయి పెళ్ళికి ఎకరం పొలం అమ్మవలసి వచ్చింది. నేను అప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరి వేరే వూళ్ళో వున్నాను. సెలవు పెట్టి వచ్చి అమ్మని ఆఫీసుకి తీసుకెళ్ళాను. అక్కడి గుమాస్తా, నాలాంటివాడే, తొందరలో వున్నాడు. అమ్మ మొహంకేసి చూడనైనా చూడకుండా చెయ్యి లాక్కుని, వేలు సిరాలో అద్ది, కాగితంమీద నొక్కి, చెయ్యి వదిలేశాడు. "ఊఁ, తరవాత" అన్నాడు. మా అమ్మ పదిమందిలో ఆ నల్లటి వేలిని కొంగులో దాచుకుని ఇంటికొచ్చింది. దారిపొడుగునా మాట్లాడలేదు. రాత్రి భోజనాలయ్యాక, "ఒరే, నా పేరు నాకు నేర్పుతావా?" అంది.

మూడక్షరాల పేరు. మూడు నెలలు పట్టింది. మా చెల్లెలి పాత పలక ఒడిలో పెట్టుకుని దిద్దేది. ఆ తరవాత బ్యాంకులో మొదటిసారి సంతకం చేసిన రోజున ఇంటికొచ్చి, "ఇన్నాళ్ళూ నా వేలిచేత వాళ్ళు చెప్పించుకున్నారు. ఇవాళ నా పేరు నేను చెప్పుకున్నాను" అంది. ఆ మర్నాటినుంచీ నేను మా ఆఫీసులో ఎవరి వేలు పట్టుకున్నా ముందు పేరు పెట్టి పిలవడం అలవాటు చేసుకున్నాను.

ఈ దేశంలో బడి అన్నదానికి అర్థం చాలామంది ఇళ్ళల్లో అదే. వేలిముద్రనుంచి సంతకానికి నడిచే తోవ. 1990 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు పొలం పనులు చేసుకునే ఆడవాళ్ళు రాత్రిపూట దీపాల దగ్గిర కూర్చుని ముందు నేర్చుకున్నది తమ పేరే. ఆ చదువుల్లోంచే సారా వద్దనే ధైర్యం కూడా పుట్టిందని, 1992లో దూబగుంటలో మొదలైన ఉద్యమం సంగతి తెలిసినవారు చెబుతారు. అలాంటి బడి ఇప్పుడు పేరు రాయడం వచ్చిన పిల్లని, "నీ పేరు అక్కర్లేదు, వేలు చాలు" అంటోంది. చిట్టి అడిగింది చిన్నప్రశ్న కాదు.

రాత్రి భోజనాల దగ్గిర ఆ కాగితం సంగతి ఎత్తాను. మావాడు బ్యాంకులో పని చేస్తాడు. వాడికి రోజూ అదే పని. బ్యాంకులో వేలు పెడితేగాని ఏ తలుపూ తెరుచుకోదు.

"దీనికింత ఆలోచనేమిటి నాన్నా? దానికి అయిదేళ్ళు నిండగానే ఆధారుకి పదివేళ్ళూ ఇచ్చాం. ఇప్పుడీ ఒక్క వేలూ కొత్తా?"

మా కోడలు అంతకంటే గట్టిమాట అంది. "మావయ్యగారూ, పొద్దున్న ఎనిమిదింటికి దాన్ని ఆటో ఎక్కిస్తాను. సాయంత్రం దాకా నా ప్రాణం నా దగ్గిర వుండదు. బడిలో అడుగుపెట్టిందని ఒక్క మెసేజి వస్తే ఎంత నిశ్చింతో మీకేం తెలుసు?"

నిజమే, నాకేం తెలుసు? తల్లి బాధ తల్లిది. మా ఆవిడ కూడా వడ్డిస్తూ వడ్డిస్తూ నాకేసి అదోలా చూసింది. "ముప్పైఆరేళ్ళు ఊరందరి వేళ్ళూ పట్టుకున్న మనిషికి ఇప్పుడు వైరాగ్యం వచ్చింది" అన్నదామె. కాగితం బల్లమీద పెట్టి లేచాను. నిద్ర పట్టలేదు.

రిటైరయ్యాక నాకు పాత సంగతులు చదివే జబ్బు పట్టుకుంది. చేసిన ఉద్యోగం వేలిముద్రలతో గనక వాటి పుట్టుపూర్వోత్తరాలు కూడా కొంత చదివాను. ఈ విద్య మొలకెత్తింది మన దేశంలోనే. 1858లో బెంగాలులోని జంగీపూరులో విలియం హెర్షెల్ అనే దొర, రోడ్డుకి కంకర తోలే రాజ్యధర్ కోనాయి అనే కాంట్రాక్టరుచేత ఒప్పందంమీద అరచెయ్యి మొత్తం ముద్ర వేయించాడు. అతను రేప్పొద్దున్న 'ఈ సంతకం నాది కాదు' అనకుండా బెదరగొట్టడం దొరగారి వుద్దేశం. 1877 నాటికి అదే దొర హుగ్లీలో మేజిస్ట్రేటుగా వుంటూ పింఛనుదార్లకీ, ఖైదీలకీ, దస్తావేజుల రిజిస్ట్రేషనుకీ ముద్రలు పెట్టించాడు. అంటే మా ఉద్యోగానికి ఆయనే మూలపురుషుడన్నమాట. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలిసింది. లక్షల ముద్రల్లోంచి ఒకదాన్ని వెతికి పట్టుకునే లెక్క కట్టడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అనే ఇద్దరు మనవాళ్ళ చెయ్యి వుంది. పేరు మాత్రం పైనున్న ఎడ్వర్డ్ హెన్రీ దొరకి దక్కింది.

ముద్ర దొంగల్ని పట్టుకోడానికి పనికొస్తుందని తేలగానే, దొంగలని ప్రభుత్వం ముందే తీర్మానించుకున్నవాళ్ళ మీద పడింది. 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద కొన్ని కులాలవాళ్ళు, ఏ తప్పూ చెయ్యకపోయినా సరే, వేలిముద్రలివ్వాలి. నియమించిన వేళకి వెళ్ళి తాము వున్నామని హాజరు చెప్పుకోవాలి. మా గుంటూరు సీమలో బాపట్ల పక్కనున్న స్టూవర్టుపురం 1913లో అలా వెలిసిన సెటిల్మెంటే. ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లోనూ, దేశమంతటా 1952లోనూ రద్దయింది. వేలిముద్రా, హాజరూ జతకలిసి మన జిల్లాలో అడుగుపెట్టింది బడి ద్వారా కాదు, ఆ కంచె ద్వారా.

ఇంతకంటే అందరికీ తెలిసిన కథ గాంధీగారిది. 1906లో దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌లో, ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలతో సహా ప్రతి భారతీయుడూ పేరు నమోదు చేయించుకుని వేలిముద్రలివ్వాలని చట్టం తలపెట్టారు. ఎనిమిదేళ్ళు! చదువుతూ వుంటే నాకు చిట్టి మొహం కనిపించింది. గాంధీగారు హెన్రీ దొర పుస్తకం సంపాదించి చదివి, చట్టప్రకారం వేలిముద్రలు తీసుకునేది నేరస్థుల దగ్గరేనని గ్రహించారు. ఆ యేడు సెప్టెంబరు 11న జోహానెస్‌బర్గులో జరిగిన సభలో, ఆ చట్టానికి లొంగబోమని జనం ప్రమాణం చేశారు. సత్యాగ్రహం పుట్టుక అది.

అయితే కథలో రెండో సగం వుంది. దాన్ని ఎవరూ అంతగా చెప్పరు. 1908లో జనరల్ స్మట్స్‌తో రాజీ కుదిరింది. ప్రజలు ఎవరికి వారు ఇష్టపడి నమోదు చేసుకుంటే చట్టం తీసేస్తామన్నారు. గాంధీగారు సరేనన్నారు. ఫిబ్రవరి 10న ముద్రలివ్వడానికి వెళుతూంటే మీర్ ఆలం అనే పఠాను, ఈయన మనల్ని అమ్మేశాడని కోపించి, నెత్తురు కారేట్టు కొట్టాడు. గాంధీగారు మంచంమీద పడుకునే, కాగితాలు తెప్పించుకుని, ముద్రలు వేశారు. బలవంతాన అడిగితే ఒక్క వేలూ ఇవ్వనన్న మనిషి, ఇష్టపడి పదివేళ్ళూ ఇచ్చాడు. ప్రభుత్వం చట్టాన్ని తీసెయ్యకపోయేసరికి, ఆగస్టు 16న ఆ సర్టిఫికెట్లు కుప్పపోసి తగలబెట్టారు. ముద్రలో పాపం లేదు. అడిగే పద్ధతిలో వుంది.

సరే, ఇదంతా వందేళ్ళనాటి మాట, ఇప్పటి యంత్రం వేరు గదా అంటారు. ఆ యంత్రం చేసేదేమిటో మావాడే వివరించాడు. అది వేలి బొమ్మని దాచదట. గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది అని గుర్తులు చూసుకుని, వాటిని అంకెలుగా మార్చి దాచుకుంటుందట. దాన్ని టెంప్లేటు అంటారు. "అంకెల్లోంచి వేలు రాదు నాన్నా" అన్నాడు. తీరా చదివితే, ఆ అంకెల్లోంచి అసలు ముద్రని చాలామటుకు మళ్ళీ గీయవచ్చునని 2007 నాటికే శాస్త్రజ్ఞులు చేసి చూపించారు. అంతకుముందు 2002లోనే జపానులో ఒక ఆచార్యుడు జెలటిన్‌తో వేళ్ళు పోతపోసి యంత్రాలని నమ్మించాడు. 2015లో అమెరికా ప్రభుత్వ ఉద్యోగుల రికార్డులు దొంగలపాలైనప్పుడు, అందులో 56 లక్షలమంది వేలిముద్రలున్నాయి. అమెరికా ప్రభుత్వమే కాపాడలేనిదాన్ని మా చిట్టి బడి గుమ్మంలో వున్న పెట్టె కాపాడుతుందా?

ఇవన్నీ దూరపు సంగతులు. నాకు నిద్ర లేకుండా చేసింది దగ్గిర సంగతి. మా శాఖలో 1998లో కంప్యూటర్లు వచ్చాయి. దస్తావేజులన్నీ అందులోకి ఎక్కించాం. తరవాత నకళ్ళు జనం ఇంట్లోనే కూర్చుని చూసుకునే ఏర్పాటూ వచ్చింది. మంచి ఏర్పాటని మేమూ పొంగిపోయాం. 2018లో తెలంగాణలో ఒక మొబైలు సిమ్‌ల వ్యాపారి పట్టుబడ్డాడు. అతను ఆ రిజిస్ట్రేషను దస్తావేజులు దింపుకుని, వాటిమీది వేలిముద్రల్ని రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో అచ్చు తీసి, ఆ అచ్చులతో వేలకొద్దీ సిమ్ కార్డులు తెరిచాడు. పత్రికలో ఆ వార్త చదివిన రోజు నేను అన్నం తినలేదు. ఆ వేళ్ళు నేను పట్టుకున్నవి కాకపోవచ్చు. కాని నాలాంటి గుమాస్తా ఎవడో ఒకడు, "ఇక్కడ నొక్కు, ఇది నీ ఆస్తికి రక్ష" అని చెప్పి నొక్కించినవే. నొక్కినవాళ్ళకి ఈ సంగతి తెలుసా? తెలిస్తే మాత్రం ఏం చేస్తారు? తాళం పోతే తాళం మారుస్తాం. సంతకం దొంగిలిస్తే సంతకం మారుస్తాం. ఈ గీతలు తల్లి కడుపులో ఆరో నెల నాటికే పడిపోతాయి, కట్టె కాలేదాకా మారవు. మార్చుకోడానికి ఇంకో బొటనవేలు వుంది, అంతే.

మర్నాడు మావాడితో చెప్పి, నేనే బడికి వెళ్ళాను. హెడ్మిస్ట్రెసుగారు మంచి మనిషి. కూర్చోబెట్టి కాఫీ ఇప్పించింది.

"పోట్లాటకి రాలేదమ్మా. నాలుగు ప్రశ్నలున్నాయి" అన్నాను. "ఈ ముద్రలు ఎక్కడ దాస్తారు? ఎవరెవరు చూడవచ్చు? పిల్ల బడి మానేసి వెళ్ళిపోతే చెరిపేస్తారా? వేలు పడకపోతే ఆ రోజు పిల్ల వచ్చినట్టా, రానట్టా?"

ఆవిడ కాస్సేపు ఆలోచించింది. "మొదటి మూడూ ఆ కంపెనీవాళ్ళు చూసుకుంటారండీ. నాలుగోది, నేనే ఆలోచించలేదు" అని నిజం ఒప్పుకుంది. తరవాత తన బాధ చెప్పింది. కిందటేడు ఒక కుర్రాడు ఇంట్లోంచి బడికని బయలుదేరి బడికి రాలేదు. సాయంత్రం దాకా ఇంట్లోవాళ్ళకి తెలియలేదు. దేవుడి దయవల్ల బస్టాండులో దొరికాడు. ఆ సాయంత్రం ఆ తల్లి తన గదిలో కూర్చుని ఏడ్చిన ఏడుపు మరిచిపోలేనంది.

ఈ మాటకి నేను తల వంచుకున్నాను. ఆవిడ డబ్బుకోసం పెట్టడం లేదు, భయపడి పెడుతోంది.

"అమ్మా, మొదటి పీరియడులో పేర్లు పిలుస్తారుగా. రాని పిల్లల ఇళ్ళకి ఒక ఫోను చేయిస్తే?"

"నాలుగువందల మంది పిల్లలండీ, ఎవరు చేస్తారు?"

"నాలుగువందల మందీ రాకపోవడం వుండదుగా తల్లీ. రానివాళ్ళు పదిమందో, పదిహేనుమందో. పెట్టె వచ్చినవాళ్ళ కబురు చెబుతుంది. తల్లికి కావలసింది రానివాళ్ళ కబురు."

ఆవిడ నవ్వింది. ఆలోచిస్తానంది. చట్టం సంగతి కూడా వినయంగానే మనవి చేశాను. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మండుగురు జడ్జీలు, ఎవరి గోప్యత వారి హక్కు అని ఏకగ్రీవంగా చెప్పారు. ఆ కేసు వేసిన పుట్టస్వామిగారు కర్ణాటక హైకోర్టులో పనిచేసి రిటైరయిన జడ్జి. 2018 సెప్టెంబరులో ఆధారు కేసు తీర్పులో, బళ్ళో చేర్చుకోడానికి ఆధారు తప్పనిసరి చెయ్యకూడదన్నారు. పిల్లలు పెద్దయ్యాక దానిలోంచి బయటికి వచ్చే వీలుండాలన్నారు. 2019 సవరణ ప్రకారం పద్ధెనిమిదేళ్ళు నిండిన ఆరునెలల్లో రద్దు కోరవచ్చు. అంత పెద్ద సర్కారే తిరిగి వచ్చే దారి వుంచితే, మా బడి కాగితంలో ఆ దారి ఏదీ? 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్ధెనిమిదేళ్ళలోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి నిజంగా వుందని రూఢి చేసుకోవాలంటుంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలవుతాయి.

పరాయి దేశాలవాళ్ళు ఇంకో అడుగు ముందుకి వేశారు. ఇంగ్లండు, వేల్సులలో 2012 చట్టం ప్రకారం తల్లిదండ్రుల రాతపూర్వకమైన అనుమతి లేకుండా బడి వేలిముద్ర తీసుకోకూడదు. తల్లీ తండ్రీ ఒప్పుకున్నా, పిల్లవాడు 'వద్దు' అంటే తీసుకోకూడదు. అలాంటి పిల్లలకి వేరే ఏర్పాటు చూపించాలి. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం 2014లో బడుల్లో వీటిని నిషేధించింది. స్వీడన్‌లో ఒక హైస్కూలు ఇరవైరెండు మంది పిల్లలకి మూడువారాలపాటు మొహం చూసి హాజరు వేసే యంత్రం పెట్టి చూసింది. 2019లో అక్కడి అధికారులు రెండు లక్షల క్రోనార్లు జరిమానా వేశారు. తల్లిదండ్రులు ఒప్పుకున్నారు గదా అంటే, బడి అడిగితే కాదనగల తల్లిదండ్రులు ఎంతమంది, అది ఒప్పుకోలు కాదు పొమ్మన్నారు. ఈ మాట నాకు నచ్చింది. సోమవారానికల్లా కాగితం తిప్పి పంపాలంటే మావాడూ సంతకం చేసే వుండేవాడు.

బడినుంచి తిరిగొస్తూ దారిలో మునిసిపల్ స్కూలు ముందు ఆగాను. మధ్యాహ్న భోజనం వేళ. పిల్లలు పళ్ళేలు పట్టుకుని వరసలో వున్నారు. మా చిట్టికి అడగడానికి పనిలేని తాత ఒకడున్నాడు. వీళ్ళకెవరున్నారు? 2017 ఫిబ్రవరిలో ఆ భోజనానికి కూడా ఆధారు అడుగుతూ కేంద్రంనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆధారు లేదని పిల్లలకి ఏ ప్రయోజనమూ నిరాకరించకూడదని తరవాతి యేడు కోర్టు చెప్పబట్టి సరిపోయింది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో పంతుళ్ళకీ, 2023లో తెలంగాణ సర్కారు బడుల్లో పిల్లలకీ మొహం చూసే హాజరు వచ్చింది. ఎందుకు పెట్టారో నాకు తెలియకపోలేదు. లేని పిల్లల పేర్లు పట్టీలోకి ఎక్కించి, ఆ బియ్యం బజారుకి తోలిన ఘనులున్నారు. ఆ దొంగతనం ఆగాలి. కాని దొంగ పట్టీ రాసిన పెద్దమనిషి అయితే, ముద్ర వెయ్యవలసింది పిల్లకాయలా? మా జిల్లాలో మిరపకాయ కోతలప్పుడు తల్లితోపాటు కల్లంలోకి వెళ్ళి తొడిమలు తీసే పిల్లలున్నారు. ఆ మర్నాడు వాళ్ళ వేళ్ళు ఎలా వుంటాయో నాకు తెలుసు. 'మనిషి ఎదురుగా వుంది గదా' అని యంత్రం మా సబ్ రిజిస్ట్రారుగారిలాగా దాటెయ్యదు.

చివరికి ఏమయిందంటారా? ఏమంత ఘనవిజయమేమీ లేదు లెండి. సోమవారం పెట్టె వచ్చింది. హెడ్మిస్ట్రెసుగారు మాట నిలబెట్టుకుని, ఇష్టంలేని పిల్లలకి పాతపద్ధతిలోనే పేరు పిలుస్తామని ఇంకో కాగితం పంపించారు. రాని పిల్లల ఇళ్ళకి తొమ్మిదిన్నరకల్లా ఫోను చేయించే ఏర్పాటు కూడా చేశారు. కంపెనీవాళ్ళని నా నాలుగు ప్రశ్నలూ రాసి అడిగారట. జవాబు ఇంకా రాలేదు. మావాడు కాగితంమీద 'అంగీకరించడం లేదు' అని రాసి సంతకం చేశాడు. మా కోడలు నాతో రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడింది. చిట్టి క్లాసులో వేలు ఇవ్వనివాళ్ళు ఇద్దరే ఇద్దరు.

ఆ ఇద్దరిలో ఒకత్తె కావడం చిట్టికి సుఖంగా లేదు. నిన్న సాయంత్రం మళ్ళీ నా కుర్చీ చేతిమీద ఎక్కి కూర్చుంది.

"తాతయ్యా, అందరూ పెట్టెమీద వేలు పెడుతుంటే టుయ్ మంటోంది. నాకొక్కదానికీ టుయ్ మనదు. నా వేలు ఎప్పుడిస్తావు?"

ఇదీ పెద్దవాళ్ళ తగువులో పిల్లలు కట్టే జరిమానా. నాకు జాలేసింది.

"అది నాది కాదమ్మా ఇవ్వడానికి. మీ నాన్నదీ కాదు. నీది. నీకు పద్ధెనిమిదేళ్ళు వచ్చాక, ఎందుకు అడుగుతున్నారో తెలుసుకుని, నీకిష్టమైతే నువ్వే ఇచ్చుకో. అందాకా జాగ్రత్తగా వుంచడమే మా పని."

"పద్ధెనిమిదంటే ఇంకా పదేళ్ళు" అని వేళ్ళమీద లెక్కపెట్టింది. లెక్కపెట్టిన వేళ్ళని తిప్పి తిప్పి చూసుకుంది.

"సరేలే. అందాకా 'ప్రెజెంట్ మిస్' అనే అంటాను. కాని టుయ్ కంటే గట్టిగా అంటాను" అంది.